జేసీబీ తోలిన చేనులో గడ్డి ఎందుకు నిలవలేదు?

ఈ ఎపిసోడ్‌లో నేను మాట్లాడింది కాసేపే. మట్టి గురించి చెప్పిన భాగం చాలామందికి సగమే అర్థమైందట. "అన్నా, ఒకసారి వివరంగా రాసి పెట్టు, ఊళ్ళో మావాళ్ళకు పంపుతాం" అని అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను. నేను సైంటిస్టును కాదు. ఐటీఐ చదివి సింగపూర్ వచ్చాను, ఇప్పుడు సైటులో మట్టి పనుల సూపర్‌వైజర్‌ని. మాది అనంతపురం జిల్లా, రాయదుర్గం వైపు. మట్టితోనే బతుకుతూ మట్టి గురించి ఇంత ఆలస్యంగా తెలుసుకున్నానే అన్న బాధతో రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను.

మాకు నాలుగెకరాల బీడు ఉంది. రేగు కంపలు, తంగేడు, జిల్లేడు, అక్కడొక తుమ్మ, ఇక్కడొక తుమ్మ. మధ్యలో గులకరాళ్ళ ఎర్రనేల. రెండేళ్ళ కింద నేను, మా తమ్ముడు ఒక ప్లాన్ వేసుకున్నాం. బీడంతా శుభ్రం చేసి, అంజన గడ్డి వేసి, ముప్పై గొర్రెలు కొందామని. నా నాలుగు నెలల మిగులు పంపాను. జేసీబీ వచ్చింది. వాడు వీడియో కాల్‌లో చూపించాడు: "చూడన్నా, నేలంతా అరచేయి మాదిరి అయిపోయింది." కంపలన్నీ ఒక మూలకు తోసి కాల్చేశారు. నాకూ సంతోషమే అయింది.

వాన పడింది. విత్తనం చల్లారు. మొలిచింది. మూడో వారానికి మొలకలు పసుపు తిరిగాయి. తరువాత పదిహేను రోజులు వాన లేదు. అంతే, పోయింది. కానీ గట్టు పక్కన జేసీబీ పోని చోట నాలుగు రేగు పొదలు మిగిలాయి. గాలికి అక్కడ పడ్డ విత్తనం మాత్రం మోకాలెత్తు లేచింది. అదే విత్తనం. అదే వాన. మధ్య దూరం పది అడుగులు లేదు.

"ఏందన్నా ఇది?" అన్నాడు తమ్ముడు. నా దగ్గర జవాబు లేదు.

సింగపూర్ వాలు మీద తెలిసింది

జవాబులో సగం ఇక్కడే, నా సైటులోనే దొరికింది. ఒక కొండవాలు కోసి రోడ్డు వేసే పని. కోసిన వాలు మీద గడ్డి మొలిపించాలి. లేకపోతే ఇక్కడి వానకు మట్టి కొట్టుకుపోయి డ్రెయిన్‌లో పడుతుంది. బురద నీళ్ళు డ్రెయిన్‌లోకి వదిలితే పి.యు.బి. ఊరుకోదు. విత్తనం, ఎరువు, నీళ్ళు, కాగితం గుజ్జు లాంటి పదార్థం కలిపి పైపుతో వాలు మీద చిమ్మారు. వారంలో పచ్చగా వచ్చింది. ఫోటో తీసి రిపోర్టులో పెట్టాం. నెల తిరక్కముందే పాలిపోయింది. వాన కాలువలు కోసింది.

గడ్డి పని చూసే తమిళ అన్న ఒకాయన అక్కడే కూర్చుని చేత్తో ఆ మట్టి నలిపి చూశాడు. "తమ్ముడూ, నీళ్ళు బాగా పెట్టినావు, తిండి పెట్టలేదు" అన్నాడు. మేము చిమ్మింది కొండ లోపలి నుంచి బయటపడ్డ ఎర్ర బంక మీద. ఆ మట్టి ఎన్నడూ వేరును చూడలేదు, ఆకు కుళ్ళడం చూడలేదు. పైగా యంత్రాలు తొక్కి గట్టిపడింది. అసలు పైమట్టి పని మొదట్లోనే తీసేసి పక్కన కుప్ప పోయించాం. ఆ కుప్ప తెచ్చి పరిచి మళ్ళీ విత్తితే గడ్డి నిలబడింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. సింగపూర్‌లో ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్ల పైన వాన. నీళ్ళకు కొదవ లేదు. కాబట్టి లోపం మట్టిలోనే ఉందని తొందరగా బయటపడింది. మా అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర. అక్కడ ఏది ఎండినా "వాన లేదు కాబట్టి" అనేస్తాం. వాన వెనక దాక్కున్న రెండో కారణం కనపడదు.

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి వేరే. పైమట్టిని విడిగా తీసి దాచాలి అని సైటులో నేను రోజూ కుర్రాళ్ళకు చెప్పే మాటే. డ్రాయింగులో రాసి ఉంటుంది, చేయిస్తాను. ఊళ్ళో మా సొంత చేనుకు జేసీబీ పెట్టినప్పుడు ఆ ఒక్క మాట ఫోన్‌లో చెప్పలేదు.

పొద కింద ఏముంది?

మెట్ట నేలల్లో, ఎడారి అంచు నేలల్లో సారం అంతటా సమానంగా ఉండదు. పొదల కింద కుప్పపడి ఉంటుంది. మధ్యలో ఖాళీ నేల చాలా పేదది. శాస్త్రవేత్తలు వీటిని సారపు దీవులు అంటారు. సముద్రంలో దీవుల్లాగా, బీడు మధ్యలో సారం ఉన్న ముక్కలు.

ఎలా చేరుతుంది అంటే:

పొద ఆకు అక్కడే రాలి కుళ్ళుతుంది. వేర్లు చుట్టుపక్కల నుంచి లాగిన పోషకాలు ఆకు రూపంలో పొద కిందికే వస్తాయి. గాలికి ఎగిరే సన్న మట్టిని, ఎండుటాకును, విత్తనాలను కొమ్మలు ఆపేస్తాయి. వానకు ఖాళీ నేల మీద జారే నీళ్ళు, చెత్త పొద మొదట్లో ఆగుతాయి. పక్షులు కొమ్మ మీద, గొర్రెలు నీడలో పడుకుంటాయి, వాటి పేడ, పెంట అక్కడే. తుమ్మ, జమ్మి లాంటి చెట్ల వేళ్ళలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మట్టిలోకి తెస్తాయి. చీమలు, చెదలు, వానపాములు మట్టిని గుల్ల చేస్తాయి. అందుకే పొద కింద నీళ్ళు ఇంకుతాయి, ఖాళీ నేల మీద వాన పడితే పైన పొర కట్టి జారిపోతాయి.

కాబట్టి పొద కింద సారం ఒక్కటే కాదు, సారమూ తేమా కలిసి ఉంటాయి.

అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో హోర్నాడా అనే ప్రాంతం ఉంది. అక్కడ 1912 నుంచి పరిశోధన కేంద్రం నడుస్తోంది. 1858 నాటి భూమి సర్వే కాగితాల ప్రకారం ఆ నేలలో చాలా భాగం మంచి గడ్డి మైదానం. పశువులు ఎక్కువ మేయడం, కరువులు కలిసి ఆ గడ్డి పోయి, వందేళ్ళలో ముళ్ళ పొదల బీడు అయింది. గడ్డి ఉన్నన్నాళ్ళూ సారం దుప్పటి పరిచినట్టు సమానంగా ఉండేది. గడ్డి పోయాక ఖాళీల్లోని సన్న మట్టి గాలికి, వానకు కదిలి పొదల కింద చేరింది. ఖాళీలు ఇంకా పేదవయ్యాయి, కాబట్టి గడ్డి మళ్ళీ రాలేదు. గడ్డి రాలేదు కాబట్టి మట్టి ఇంకా కదిలింది. ఈ చక్రాన్ని విలియం ష్లెసింగర్, ఆయన తోటి శాస్త్రవేత్తలు 1990లో 'సైన్స్' పత్రికలో వివరించారు.

మా వైపు కూడా దీని పోలిక ఉంది. వేదవతి నదిని మేము హగరి అంటాం. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఆ ఏటి ఇసుక గాలికి లేచి చేలమీద పరుచుకుంటుంది. ఆషాఢం గాలిలో ఆ దారిన పోయిన వాళ్ళకు కంట్లో ఇసుక గుర్తుంటుంది. పొద ఉన్న చోట ఆ ఇసుక ఆగి చిన్న దిబ్బ అవుతుంది. పొద లేని చోట పక్క చేనుకు పోతుంది.

గల్ఫ్‌లో ఉన్న మన వాళ్ళకు ఇది ఇంకా బాగా కనపడుతుంది. మన జమ్మి చెట్టే అక్కడ ఘాఫ్. తెలంగాణకు రాష్ట్ర వృక్షం, యు.ఏ.ఈ.కి జాతీయ వృక్షం, రెండూ అదే. దాని వేరు ముప్పై మీటర్ల లోతుకు కూడా పోతుందని చెప్తారు. రాజస్థాన్ రైతులు సజ్జ చేలలో దీన్ని కొట్టకుండా ఉంచుతారు, దాని కింద పైరు బాగుంటుందని. శీతాకాలం వాన పడ్డాక సెలవు రోజున బయటికి పోతే గమనించండి: ఇసుకలో పచ్చదనం ముందు పొదల చుట్టూ ఉన్న చిన్న దిబ్బల మీద కనపడుతుంది.

మొలకకు మొదటి నెల

గడ్డి మొలక సంగతి అర్థం కావాలంటే సజ్జను తలుచుకోండి. సజ్జ, జొన్న, కొర్ర, వరి అన్నీ గడ్డి జాతే.

మొదటి వారం పది రోజులు మొలక మట్టిని పెద్దగా అడగదు. గింజలో తల్లి కట్టి పంపిన సద్దిమూట ఉంటుంది. దానితోనే మొదటి వేరు, మొదటి ఆకు. అందుకే చవుడులో చల్లినా, బంకలో చల్లినా మొదట పచ్చగానే లేస్తుంది. మనం ఫోటో తీసి సంతోషించేది ఆ సమయంలోనే. గడ్డి గింజ చాలా సన్నది, కాబట్టి ఆ మూట ఇంకా చిన్నది.

మూట అయిపోయాక మట్టి నుంచి తీసుకోవాలి. నత్రజని లేకపోతే కింది ఆకులు ముందు పాలిపోతాయి. భాస్వరం లేకపోతే వేరు సాగదు. సరిగ్గా ఆ రోజుల్లోనే గడ్డికి ఇంకో పెద్ద పని ఉంటుంది. గింజ నుంచి వచ్చిన మొదటి వేరు ఒక్కటే దాన్ని ఎక్కువ కాలం పోషించలేదు. కాండం అడుగు నుంచి రెండో విడత వేర్లు దిగాలి. ఆ వేర్లు దిగాలంటే పై మట్టి కొన్ని రోజులు తడిగా ఉండాలి, మొలకలో శక్తి ఉండాలి. ఈ రెండో విడత వేర్లు దిగిన మొలక ఎండను తట్టుకుంటుంది. దిగనిది పోతుంది.

మా చేనులో జరిగింది ఇదే. మూడో వారం పసుపు, అంటే మూట అయిపోయింది, మట్టిలో ఏమీ దొరకలేదు. బలం లేని మొలక రెండో వేరు దించలేదు. తరువాత పదిహేను రోజుల ఎండ దాన్ని తీసుకుపోయింది. గట్టు పక్క మొలకలకు కూడా అదే ఎండ తగిలింది, కానీ అప్పటికే వాటి వేరు దిగింది.

ఎరువు వేస్తే సరిపోతుందా?

"అయితే రెండు బస్తాల యూరియా చల్లితే పోయేదిగా" అని నేనూ అన్నాను. అంత సులభం కాదు.

ఒకటి, మెట్ట నేలలో ముందు నీళ్ళు, తరువాత సారం. తేమ లేని మట్టిలో ఎరువు ఉన్నా వేరు తీసుకోలేదు. వాన బాగా పడ్డ ఏడాదే సారం ఉన్న నేలకూ లేని నేలకూ తేడా పెద్దగా కనపడుతుంది. పూర్తి కరువులో రెండూ ఎండుతాయి.

రెండు, యూరియా ఎక్కువై లేత వేరు పక్కనే పడితే మొలక మాడిపోతుంది. ఎరువు కూడా ఉప్పు లాంటిదే. తేమ తక్కువ ఉన్న మట్టిలో అది వేరు నుంచే నీళ్ళు లాగుతుంది.

మూడు, ఎక్కువ నత్రజని దొరికిన మొలక ఆకు పెంచుతుంది, దానికి తగ్గట్టు వేరు పెంచదు. చూడ్డానికి ఏపుగా ఉంటుంది, వాన తప్పితే ముందు అదే వాలిపోతుంది. తొలి జీతంతోనే పెద్ద బండి ఈఎంఐకి తీసుకున్నట్టు.

నాలుగు, సారం పెరిగితే మనకు కావలసిన గడ్డి ఒక్కటే పెరగదు. అమెరికా పడమటి పొదల బీళ్ళలో చీట్‌గ్రాస్ అనే పరాయి గడ్డి ఉంది. నత్రజని పెరిగితే అది స్థానిక గడ్డి కంటే తొందరగా లాక్కుని నేలంతా కమ్ముకుంటుంది. అక్కడి పరిశోధకులు కొన్నిచోట్ల మట్టిలో చక్కెర కలిపి, సూక్ష్మజీవులు నత్రజనిని పట్టుకునేలా చేసి, ఆ కలుపును తగ్గించి చూశారు. మన దగ్గర ఆ పని కలుపు మొక్కలు చేస్తాయి.

అలాగని పొదలన్నీ మంచివనీ చెప్పను. పొద కూడా నీళ్ళు తాగుతుంది, నీడ వేస్తుంది. దట్టమైన పొద మొదట్లో గడ్డి మొలకకు ఎండ దొరకదు. సర్కారు తుమ్మ అయితే పక్క మొక్కను రానివ్వకుండా అల్లుకుపోతుంది. దాన్ని తగ్గించాల్సిందే. గడ్డికి అనువైన చోటు పొద మొదలు కాదు, పొద అంచు. సారమూ అందుతుంది, ఎండా అందుతుంది.

నాలుగు డబ్బాల పరీక్ష

ఇదంతా చదివాక తమ్ముడితో ఒక పని చేయించాను. నాలుగు పాత డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టమన్నాను. ఒకదాంట్లో రేగు పొద అంచు మట్టి. రెండోదాంట్లో పక్క బీడులో పొదల మధ్య ఖాళీ మట్టి. మూడోదాంట్లో మా జేసీబీ తోలిన మట్టి. నాలుగోదాంట్లో అదే జేసీబీ మట్టి, పైన ఒక చెంచా యూరియా. ఒక్కోదాంట్లో పది సజ్జ గింజలు. అన్నింటికీ రోజూ ఒకే గ్లాసుతో నీళ్ళు.

వారానికి మొదటి మూడు డబ్బాలు ఒకే మాదిరి పచ్చగా ఉన్నాయి. యూరియా డబ్బాలో మూడే మొలిచాయి, వాటి కొనలు మాడాయి. మూడో వారానికి రేగు మట్టిలో సజ్జ జానెడు దాటింది. ఖాళీ మట్టిలో నాలుగు వేళ్ళ ఎత్తు. జేసీబీ మట్టిలో రెండాకుల దగ్గర ఆగి పసుపు తిరిగింది. తమ్ముడు ఫోటో పెట్టి కింద ఏమీ రాయలేదు. నేనూ ఏమీ రాయలేదు.

ఇది పెద్ద పరిశోధన కాదు. కానీ నీళ్ళు సమానంగా ఇస్తే మట్టి తేడా బయటపడుతుంది. డబ్బు పంపే ముందు మీరూ చేయించవచ్చు. ఖర్చు గుప్పెడు సజ్జలు.

భూసార పరీక్షకు మట్టి తీసే పద్ధతిలోనూ ఈ సంగతి దాగి ఉంది. చెట్ల కింద, గట్ల దగ్గర, పెంట కుప్ప వేసిన చోట మట్టి తీయవద్దు అంటారు. ఎందుకంటే అక్కడి మట్టి చేను మట్టి కాదు, అది వేరే లెక్క. మీరు బీడును బాగు చేయాలనుకుంటే రెండు నమూనాలు విడివిడిగా ఇవ్వండి, పొద కింది దొకటి, ఖాళీది ఒకటి. తేడా కాగితం మీదే కనపడుతుంది.

డబ్బు పంపే ముందు

మన వాళ్ళు చాలామంది ఊళ్ళో భూమి శుభ్రం చేయించడానికి పంపుతుంటారు. జేసీబీ గంటల లెక్క. బీడు నున్నగా కనపడితే పని అయినట్టు అనిపిస్తుంది. నా అనుభవంతో నాలుగు మాటలు.

పొదలన్నీ పెరికించకండి. సర్కారు తుమ్మ తీయించండి, రేగు, తంగేడు, జమ్మి ఉంచండి. చదును తప్పదు అంటే పైన జానెడు మట్టి ముందు గీయించి పక్కన కుప్ప పోయించండి, చదును అయ్యాక మళ్ళీ పరిపించండి. జేసీబీకి ఇంకొన్ని గంటలు పడుతుంది, ఆ గంటలకు వెనకాడకండి. కొట్టిన కంపను కాల్చించకండి. కాలిస్తే నత్రజని పొగలో పోతుంది. వాలుకు అడ్డంగా వరసగా పరిస్తే మట్టినీ, విత్తనాన్నీ ఆపుతుంది. జోధ్‌పూర్‌లో 1959 నుంచి ఉన్న కాజ్రి అనే కేంద్ర ఎడారి పరిశోధన సంస్థ ఇసుక దిబ్బలను ఆపడానికి చేయించేది ఇలాంటి పనే: కంపతో గళ్ళు కట్టి, మధ్యలో గడ్డి, చెట్లు పెట్టడం.

సారం తేవాలంటే పాత పద్ధతులే నెమ్మదిగా పని చేస్తాయి. గొర్రెల మంద కట్టించడం, పశువుల ఎరువు, చెరువు మట్టి తోలించడం. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి చేలకు తోలుకున్నది అందుకే. ఆ మట్టిలో సన్న బంక ఉంటుంది, తేమనూ పోషకాలనూ పట్టి ఉంచుతుంది. చవుడు ఉందేమో పరీక్ష చేయించాకే తోలించండి.

పోయిన ఏడాది మేము చేసింది ఇది. రేగు వేర్లు చావలేదు, మళ్ళీ చిగురించాయి. వాటిని ముట్టుకోలేదు. వాలుకు అడ్డంగా రాతి కట్లు పెట్టాం. తెలిసిన వాళ్ళ మందను రెండు రాత్రులు నిలిపించాం. గడ్డి విత్తనాన్ని పేడ, బంకమట్టి, ఇసుకతో కలిపి చిన్న ఉండలు చేసి, తొలి వానకు ముందు పొదల అంచున, కట్ల వెనక మాత్రమే వేశాం. నాలుగెకరాల్లో ఎకరం కూడా పచ్చబడలేదు. కానీ వచ్చింది నిలిచింది, విత్తనం కట్టింది. గొర్రెల కొనుగోలు ఇంకో రెండేళ్ళు వెనక్కి పోయింది. జేసీబీ రెండు రోజుల్లో తీసిన మట్టి మళ్ళీ కూడడానికి ఎన్నేళ్ళు పడుతుందో మా తమ్ముడూ నేనూ లెక్క వేసుకోవడం మానేశాం.

మీ ఇంట్లో ఎవరైనా ఈ వేసవికి జేసీబీ మాట్లాడి ఉంటే, ఈ రోజే ఫోన్ చేయండి. పైన జానెడు మట్టి పక్కన పెట్టమని చెప్పండి. నేను చెప్పలేదు.